కరెంటు వచ్చిన తర్వాత అయిదు నిమిషాలు

ఆమె ఆదివారం మధ్యాహ్నం రెండుంబావుకు మా ఇంటికి వచ్చింది. వడమాలపేట దగ్గర మా సొంత ఊళ్లో ఆడవాళ్ల పాలసంఘం ఒకటి ఉంది. ఆ సంఘంలో పాలు చల్లబరిచే స్టీలు తొట్టిని ఎనిమిదేళ్లుగా చూసుకుంటున్నది ఆమే. ఊరి వరసకు నన్ను పెద్దమ్మా అంటుంది. తిరుపతి బస్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్లన్నీ దుమ్ము. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"నన్ను పనిలోనుంచి తీసేస్తా ఉండారు పెద్దమ్మా."

"ఎవరు?"

"సూపర్‌వైజరు. బుధవారం మీటింగులో తీర్మానం రాస్తాడంట. పోయిన మంగళవారం తొట్టెడు పాలు యిరిగిపోయినాయి గదా, ఆ నింద నా నెత్తిన ఏసినాడు. నేను తొట్టి ఆపేసి కార్వేటినగరంలో పెండ్లికి పోయినానంట."

"పోయినావా?"

"పోవాల్సిందే. పట్టుచీర గూడా తీసి పెట్టుకున్యా. పాలు ఆడ అట్లుండంగా యాడికి పోతాను?"

వరసగా చెప్పమన్నాను. టైములతో సహా చెప్పింది. ఆరు గంటలప్పుడు కరెంటు ఆడుకోవడం మొదలయింది, వస్తుంది, పోతుంది. ఆరున్నర నుంచి ఎనిమిదిలోపు నలభై ముగ్గురు సభ్యులు పాలు పోశారు, ఆరువందల ఇరవై లీటర్లు. ఎనిమిదిన్నర ప్రాంతంలో మోటారు మీద ఎర్రలైటు వెలిగింది. ఇక మోటారు తిరగలేదు. జనరేటరు రిపేరుకు పోయి అప్పటికి పదకొండు రోజులు. పన్నెండుకు పావు తక్కువకు ట్యాంకరు వచ్చింది. డ్రైవరు మూత ఎత్తి, వాసన చూసి, మూత మూసేసి వెళ్లిపోయాడు.

"ఎర్రలైటు వెలిగినప్పుడు ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"ముందంతా చేసేదాన్నే. 'మాటికీ ఫోన్ చెయ్యబాక, గోడమీద పెట్టె ఉండాది, అది మాకు మెసేజి పంపిస్తుంది' అని ఆయప్పే కసిరినాడు. పెట్టె సెప్పేసుంటుంది, మెకానిక్కు పుత్తూరులో బయల్దేరి ఉంటాడు అని ఎదురుసూస్తా కూర్చున్యా."

ఆ పెట్టె గురించి నాకు తెలుసు. తొట్టి దగ్గర ఏం జరిగినా, అంటే కరెంటు పోయినా వచ్చినా, మోటారు తిరిగినా ఆగినా, మూత తెరిచినా మూసినా, పాల వేడి ఎంత ఉన్నా, టైముతో సహా ఒక్కో లైనుగా రాసుకుంటుంది. ఆ లైన్ల వరసను లాగ్ అంటారు. అవసరమైన లైన్లను మెకానిక్కు ఫోనుకూ సూపర్‌వైజరు ఫోనుకూ పంపుతుంది. తిరుపతిలో ఒక చిన్న కంపెనీ ఆ పెట్టెలు తయారుచేస్తుంది. వాటి ప్రోగ్రాము రాసేది నా మేనకోడలు. ఆ సమయానికి ఆమె పక్కగదిలోనే ఉంది. నా దగ్గరే ఉండి ఉద్యోగం చేసుకుంటోంది.

వచ్చినావిడ సంచిలోనుంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. మంగళవారం లాగ్, సూపర్‌వైజరు ప్రింటు తీసి సంఘానికి పంచినది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఉదయం ఆరూ ఎనిమిది నిమిషాలకు ఒక లైను: కరెంటు వచ్చింది. దాని కింద లైను పదకొండూ నలభైమూడుకు. మధ్యలో ఏమీ లేదు. సూపర్‌వైజరు వాదన నాకు అర్థమయింది. మోటారుకు లోపం వస్తే పెట్టె రాసేది. రాయలేదంటే లోపం లేదు. లోపం లేకుండా మోటారు ఆగిందంటే ఎవరో చేత్తో ఆపారు.

చిత్తూరులో ఒక పాలశీతల కేంద్రం ల్యాబులో ముప్పై ఒక్క సంవత్సరాలు రిజిస్టర్లు రాశాను. రిజిస్టరులో ఖాళీ గడి కనబడితే ఏమీ జరగలేదని అనుకోకూడదు. జరగలేదో, జరిగినా రాయలేదో, ముందు అది తేల్చాలి. తేల్చడానికి ఒకే దారి: ఆ సమయంలో తప్పకుండా జరిగిందని మనకు తెలిసినది ఒకటి తీసుకుని, అది రాసి ఉందా అని చూడాలి. నలభై ముగ్గురు పాలు పోశారు. మూత తెరవకుండా తొట్టిలో పాలు పోయలేరు. కాగితం మీద ఆ సమయంలో మూత అన్న మాటే లేదు. మూత విషయంలో మాట్లాడని కాగితం మోటారు విషయంలో సాక్ష్యం చెప్పడానికి పనికిరాదు.

మేనకోడల్ని పిలిచాను.

"ఆదివారం గూడా డ్యూటీనా అత్తా?" అంటూ వచ్చి, కాగితం చూసి, కూర్చుంది. కాసేపటికి "ఇది ఫిల్టరు పని" అంది.

"ఏ ఫిల్టరు?"

"ఎండాకాలం మొదట్లో పెట్టినా. కరెంటు వచ్చిన ప్రతిసారీ పెట్టె కాసేపు పిచ్చిపిచ్చిగా రాస్తుంది. వేడి సున్నా అంటాది, వెంటనే తొంభై అంటాది. ఒక్కో రాకకు నలభై యాభై మెసేజీలు. మెకానిక్కు ఫోన్ ఆపేసి పెట్టుకున్నాడు. అందుకని ఫిల్టర్లు పెట్టినా."

అదెలా పనిచేస్తుందో వివరంగా చెప్పమన్నాను. గుమ్మం దగ్గర కొందరిని వరసగా కూర్చోబెట్టినట్టు అనుకోమంది. ప్రతి లైనూ మొదటివాడి ముందుకు వస్తుంది. అతను మూడింటిలో ఒకటి చెప్పాలి: ఉంచు, పారెయ్యి, లేకపోతే నాకు సంబంధం లేదు పక్కనవాణ్ణి అడుగు. ఉంచు అన్నా పారెయ్యి అన్నా కథ అంతటితో సరి. వెనకవాళ్లకు ఆ లైను కనబడను కూడా కనబడదు. మోటారు లోపాలను ఉంచమనేవాడు తన వరసలో మూడోవాడు. మొదటివాడికి ఇచ్చిన ఆజ్ఞ ఒకటే: కరెంటు వచ్చిన తర్వాత అయిదు నిమిషాలపాటు ఏ లైను వచ్చినా పారెయ్యి.

"అయిదే ఎందుకు?" అన్నాను.

"నువ్వే గదా అత్తా చెప్పింది."

చెప్పాను. ఆ రోజు చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. మీ కాలంలో ఏం చేసేవాళ్లని అడిగింది. కరెంటు వచ్చిన తర్వాత అయిదు నిమిషాలు మీటరు ముల్లు చూడకూడదు, అది నిలబడదు, నిలబడని ముల్లు చూసి రాస్తే అబద్ధం రాసినట్టే అని చెప్పాను. అది మా కేంద్రంలో నేను పెట్టిన నియమమే. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ మొదటిరోజే చెప్పేదాన్ని.

కానీ ఆ నియమానికి రెండో సగం ఉంది. అయిదు నిమిషాలు నిండకుండా మళ్లీ కరెంటు పోతే, ఆ టైము వేసి, గడిలో 'చూడలేదు' అని రాయాలి. గడి ఖాళీగా వదలకూడదు. వరసగా మూడుసార్లు 'చూడలేదు' పడితే పెన్ను పక్కన పెట్టి ఇంజనీరుకు ఫోన్ చెయ్యాలి. ఆ సగం నేను మేనకోడలికి చెప్పలేదు. దాచింది కాదు. ముప్పై ఒక్క సంవత్సరాలు చెయ్యి తనంతట తనే రాసుకుపోయిన మాట కాబట్టి నోటికి రాలేదు.

కాగితం వెనక్కి తిప్పి గీతలు గీశాను. ఆరూ ఎనిమిదికి కరెంటు వచ్చింది. ఆరూ పదమూడు వరకూ పారెయ్యాలి. ఆరూ పన్నెండుకు పోయి మళ్లీ వచ్చిందనుకుందాం. ఇప్పుడు ఆరూ పదిహేడు వరకూ. ఆరూ పదహారుకు మళ్లీ. ఇలా నాలుగు నిమిషాలకొకసారి వస్తూ ఉంటే ఆ అయిదు నిమిషాలు ఎన్నటికీ నిండవు. మొదటివాడు పారేస్తూనే ఉంటాడు. మూడోవాడు ఊరికే కూర్చుని ఉంటాడు.

మేనకోడలు కాగితం తనవైపు తిప్పుకుని గీతలు లెక్కపెట్టింది. తర్వాత, "కరెంటు ఇట్లా గంటల తరబడి ఆడుకుంటుందని ఎవరు అనుకుంటారు అత్తా?" అంది.

"ఈ జిల్లాలో పుట్టినవాళ్లు అనుకోవాలి. ఆ వారం మన ఫ్యాను ఎన్నిసార్లు ఆగి తిరిగిందో నువ్వు చూడలేదా?"

"చూసినా. చూసి, లేచి ఆఫీసుకు పోయినా. ఆడ ఏసీ ఉండాది గదా."

అంతసేపూ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్న ఆవిడ, "అత్తాకోడండ్లు తర్వాత కొట్లాడుకోండి," అంది. "పారేసినవి యాడ పారేసినారో సెప్పండి. కుప్పలో పడుంటే నేను పొయ్యి ఏరుకుంటా."

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మేనకోడలు ఒక్కసారిగా తలెత్తింది.

పారేసిన లైను ఎక్కడా మిగలకుండా పోతుందా అన్నది ఫిల్టరును ఎక్కడ పెట్టారన్న దాన్నిబట్టి ఉంటుందట. అన్నిటికీ ముందు, పెద్దగుమ్మం దగ్గర పెడితే ఆ లైను లోపలికే రాదు. ఇక దాని ఆనవాలు దొరకదు. అలా కాక, లైన్లు బయటికి పోయే దారుల దగ్గర పెడితే, ఏ దారికి పెట్టారో ఆ దారికి మాత్రమే అందదు. దారులు మూడు: ఫోన్లకు ఒకటి, ఆఫీసు కంప్యూటరుకు ఒకటి, పెట్టె లోపల ఉన్న చిన్న కార్డుకు ఒకటి. తను ఎక్కడ పెట్టిందో మేనకోడలికి గుర్తులేదు. ల్యాప్‌టాపు తెచ్చి తెరిచింది. మేమిద్దరం చెరోవైపునుంచి చూస్తున్నాం. ఆ తెరమీద నాకు తెలిసిన ముక్క ఒక్కటీ లేదు, అయినా చూస్తూనే ఉన్నాను.

"ఫోన్లకు పెట్టినా. ఆఫీసుకు పెట్టినా." వేలు కిందికి జారింది. "కార్డుకు పెట్టలేదు. మరిచిపోయినట్టుండా."

"అయితే కార్డులో అన్నీ ఉన్నట్టేనా?"

"ఉండాలి. కానీ కార్డులో ఏడు రోజులవే నిలుస్తాయి. ఎనిమిదో రోజువి వచ్చి మొదటి రోజువాటి మీద పడతాయి."

గోడగడియారం చూశాను. మూడూ పది. మంగళవారం ఉదయం ఆరూ ఎనిమిదికి ఆ రోజు లైన్ల మీద కొత్తవి పడటం మొదలవుతుంది. మిగిలింది ముప్పై తొమ్మిది గంటలకు రెండు నిమిషాలు తక్కువ. మీటింగు బుధవారం.

"రేపు ఆఫీసులో చెప్పి, పర్మిషన్ తీసుకుని, ఒక మనిషిని పంపిస్తా," అంది మేనకోడలు.

"ఎన్నాళ్లు పడుతుంది?"

ల్యాప్‌టాపు మూసింది. "ఫిల్టరు రాసింది నేనని తెలిస్తే నా ఉద్యోగం ఏమయితాది అత్తా?" అంది.

"ఈవిడదీ ఉద్యోగమే," అన్నాను.

తను లేచి వెళ్లి వాళ్ల పైఅధికారికి ఫోన్ చేసింది. తలుపు మూసుకుంది కాబట్టి ఏం మాట్లాడిందో నాకు తెలియదు. పదకొండు నిమిషాలు మాట్లాడింది. బయటికి వచ్చి, "రేపు పోయి కార్డు తీయమన్నారు," అంది. మొహం కడుక్కుని ఉంది.

సూపర్‌వైజరుకు నేను ఫోన్ చేశాను. ఆయన లేకుండా కార్డు తీస్తే మేమే మార్చామంటాడు. బుధవారం ఎటూ వస్తానన్నాడు. బుధవారానికి కార్డులో మంగళవారం ఉండదని చెప్పాను. "అంత అర్జెంటా అమ్మా?" అన్నాడు. "రేపు తొమ్మిదికి మేము అక్కడ ఉంటాము. మీరు వచ్చేదాకా పెట్టె ముట్టుకోము. మీరు రాకపోతే, పిలిచినా రాలేదని రాసి నలభై ముగ్గురి చేత సంతకాలు చేయిస్తాను," అన్నాను. వస్తానన్నాడు.

సోమవారం ఏడూ ఇరవై బస్సుకు బయలుదేరి ఎనిమిదింబావుకు ఊళ్లో దిగాం. ఆయన తొమ్మిదీ నలభైకి వచ్చాడు. ఆయన కళ్లముందే మేనకోడలు పెట్టె తెరిచి, గోరంత కార్డు తీసి, ల్యాప్‌టాపులో పెట్టింది. మంగళవారం ఉంది. నేను కాగితం మీద నిలువుగీతలు గీసుకుంటూ లెక్కపెట్టాను.

ఆరూ ఎనిమిదికీ పదకొండూ నలభైమూడుకూ మధ్య కరెంటు డెబ్భై నాలుగుసార్లు పోయి వచ్చింది. ఒక్కసారి కూడా రెండు రాకల మధ్య అయిదు నిమిషాలు దాటలేదు. ఎనిమిదీ ఇరవైఆరుకు మోటారు లోపం: ఓల్టేజి చాలక వేడెక్కి తనే ఆగిపోయింది. చేత్తో ఆపినట్టు ఒక్క లైను లేదు. ఆ లోపం పడిన తర్వాత, పాలు పోసేవాళ్లు ఎవరూ లేని సమయంలో, మూత పదమూడుసార్లు తెరిచి మూసినట్టు ఉంది. ఇంచుమించు పావుగంటకు ఒకసారి.

"ఇదేంది, మూత ఇన్నిసార్లు?" అన్నాడు సూపర్‌వైజరు.

"థర్మామీటరు పెట్టి సూస్తా ఉన్యా," అంది ఆవిడ. "ముప్పై రెండు, ముప్పై మూడు. దిగుతుందేమో అని."

"పదమూడుసార్లు చూసినదానివి ఒక్క ఫోన్ చెయ్యలేకపోయినావా?"

"నువ్వే గదప్పా చెయ్యబాకంటివి. మళ్లా చేసుంటే మళ్లా కసరవా?"

ఆయన ల్యాప్‌టాపు వైపు తిరిగి, అప్పటికే చదివిన లైన్లనే మళ్లీ చదవసాగాడు. ఆవిడ ఆయన భుజం మీదుగా వంగి, "పెండ్లి ముహూర్తం తొమ్మిదింబావుకు," అంది. "ఆ టయానికి నేను మూత ఎత్తుతా ఉండానో లేదో గూడా సూడు, రాసుంటుంది." రాసి ఉంది. తొమ్మిదీ పద్నాలుగు.

మంగళవారం మేనకోడలు సెలవు పెట్టింది. ఫిల్టర్ల వరసను ఇద్దరం ముందు కాగితం మీద రాశాం. మోటారు లోపాన్ని ఉంచమనేవాడు మూడోచోటు నుంచి మొదటిచోటికి వచ్చాడు. ఎవరేమన్నా ఆ లైను ఆగదు. మూతను ఉంచమనేవాడు రెండోవాడు. అయిదు నిమిషాలవాడు ఆ తర్వాతే. అతనికి కూడా నా నియమం రెండో సగం చేర్చాం: పారేసినవి ఎన్నో, కరెంటు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి గంటకోసారి ఒక లైను రాయాలి. అయిదు నిమిషాలు నిండకుండా వరసగా మూడుసార్లు కరెంటు పోతే ఫోన్లకు ఒక మెసేజి, ఒక్కటంటే ఒక్కటి, పంపాలి.

భోజనాల బల్లమీద మేనకోడలు తెచ్చిన పెట్టె ఒకటి పెట్టి, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా నాలుగు నిమిషాలకోసారి మెయిన్ స్విచ్చి ఆపి వేశాను. పదిహేనుసార్లు. పక్కింటావిడ గోడమీదుగా తొంగిచూసి మీకొక్కరికే కరెంటు పోతోందేమని అడిగింది. నేనే తీస్తున్నానని చెప్పాను. ఇంకేమీ అడగలేదు. ఒంటిగంటకు పెట్టె రాసిన లైనులో కరెంటు రాకలు పద్నాలుగు అని ఉంది.

"ఒకటి తక్కువుంది," అన్నాను.

"ఒకటే గదా అత్తా."

"ఆ ఒకటి ఏదో చెప్పు. ఎప్పుడూ అదే పోతోందంటే, రేపు మోటారు లోపం దాని వెనకే పడొచ్చు."

గొణుక్కుంటూ వెతికింది. మొట్టమొదటి రాకను లెక్కలోకి తీసుకోవడంలేదు. రెండోదాని నుంచి మొదలుపెడుతోంది. సరిచేసింది. రెండు నుంచి మూడు దాకా మళ్లీ పదిహేనుసార్లు స్విచ్చి వేశాను. పదిహేను. ఫ్రిజ్‌లో పెరుగు పులిసిపోయింది కాబట్టి సాయంత్రం మజ్జిగపులుసు చేశాను.

బుధవారం మీటింగులో సూపర్‌వైజరు తీర్మానం మార్చి తెచ్చాడు. ఆవిణ్ణి తొలగించే మాట తీసేసి, 'సాంకేతిక కారణాల వల్ల పాలు పాడైనవి' అని రాశాడు. చదివి, అందరివైపూ చూసి, సరేనా అన్నాడు. చాలామంది తలలూపారు. ఆవిడ ఊపలేదు.

"సాంకేతికమంటే ఎవురప్పా? ఆయప్ప యాడుంటాడు?" అంది. "వారంనుంచి ఊరంతా నా పేరు సెప్పుకుంటా ఉండారు. పాలు యిరగ్గొట్టినప్పుడు నాకు పేరుండె. ఇప్పుడు ఎవురికీ పేరు లేకుండా పోయెనే."

నవ్వులు ఆగిన తర్వాత నేను లేచి, ఆ వాక్యం కొట్టేసి నేను చెప్పింది రాయమన్నాను. ఓల్టేజి చాలక మోటారు ఆగింది. తొట్టి చూసుకునే ఆవిడ ఆ పూటంతా అక్కడే ఉంది, పదమూడుసార్లు చూసింది. పెట్టె ఆ సంగతి చెప్పలేదు, ఎందుకంటే చెప్పనివ్వని ఫిల్టరు ఒకటి ఉంది. ఆ ఫిల్టరుకు ఆధారమైన నియమాన్ని నేను సగమే చెప్పాను. నా మాట పూర్తికాకముందే మేనకోడలు లేచి, "రాసింది నేను. పరీక్ష చెయ్యకుండా పెట్టింది కూడా నేనే. అది కూడా రాయండి," అంది. రాసేదాకా కూర్చోలేదు. సూపర్‌వైజరు రాశాడు. జనరేటరు పదకొండు రోజులు లేదన్న సంగతి, ఫోన్ చెయ్యొద్దన్న సంగతి కూడా ఆయన చేతే రాయించాను. అక్కడ పెన్ను కాసేపు ఆగింది, తర్వాత కదిలింది.

తీర్మానం ఆవిడకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుని, సంతకం చేసి, తొట్టి గది తాళాలు తీసుకుంది. గడప దగ్గర ఆగి సూపర్‌వైజరుతో, "ఇంగనుంచి పెట్టె సెప్పినా సెప్పకపోయినా నేను ఫోన్ చేస్తా. ఇసుక్కుంటే మీటింగు పెట్టిస్తా," అంది.

మేనకోడలికి ఆఫీసులో మాట పడింది, ఉద్యోగం పోలేదు. వాళ్లు ఊళ్లలో పెట్టిన పెట్టెలన్నిటికీ కొత్త వరస పెట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. రోజూ సాయంత్రం ఎన్ని అయ్యాయో అడిగి రాసుకున్నాను.

సంఘం లాగ్ ఇప్పుడు నాకు కూడా వస్తుంది. ఉదయం అది చూడకుండా కాఫీ తాగను. వచ్చినవి ఎన్ని, ఉంచినవి ఎన్ని, పారేసినవి ఎన్ని. కింది రెండూ కలిపితే పైది రావాలి. మొన్న ఉదయం కూడా అదే చూస్తున్నాను. తొమ్మిదీ ఇరవై. వరసగా మూడుసార్లు కరెంటు పోయిందని మెసేజి వచ్చింది. అది చదవడం పూర్తికాకముందే ఫోన్ మోగింది.

"పెద్దమ్మా, కరెంటు ఆడుకుంటా ఉండాది."

"తెలుసు. ఇప్పుడే పెట్టె చెప్పింది."

"సెప్పనీ. నేనూ సెప్తా ఉండా. జనరేటరు ఏసినా. పాలు నాలుగు డిగ్రీలు. రాసుకో."

రాసుకున్నాను.